ఎత్తుకునే గొంతు, అందుకునే గుంపు: ఉత్తర తెలంగాణ బృందగానంపై సింహావలోకనం

ఇరవై మంది కలిసి ఒక పాట పాడాలంటే రాగం కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఊపిరి సంగతి. ఎవరు ఎత్తుకోవాలి, ఎవరు అందుకోవాలి, ఎవరు పాడుతుండగా ఎవరు ఊపిరి తిప్పుకోవాలి, డోలు ఎక్కడ ఆగాలి, ఎక్కడ విరుచుకుపడాలి. ఇవన్నీ కుదిరితేనే గుంపు గొంతు ఒక్కటవుతుంది. ఐరోపాలోనూ అమెరికాలోనూ ఈ పనికి ప్రత్యేకంగా ఒక మనిషి ఉంటాడు. ఒకరు కట్టిన బాణీని తీసుకుని ఆడవాళ్ల హెచ్చు గొంతుకు ఒక వరస, తగ్గు గొంతుకు ఒక వరస, మగవాళ్ల గొంతులకు మరో రెండు వరసలు కాగితం మీద రాసిస్తాడు. అచ్చయిన ప్రతి మీద బాణీకర్త పేరు పక్కనే అతని పేరూ ఉంటుంది. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఇదే పనిని తరతరాలుగా చేసినవాళ్లకు కాగితమూ లేదు, పేరూ లేదు.

ఉత్తర తెలంగాణ పాట మీద మనకు రాత తక్కువేమీ కాదు. 1950ల్లో బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయాల మీద చేసిన పరిశోధనతో విశ్వవిద్యాలయాల్లో ఈ చదువుకు బాట పడింది. ఆ తర్వాత ఎన్నో పాటల సంపుటాలు, ఉద్యమ గేయాల సంకలనాలు, కళాకారుల జీవిత చరిత్రలు వచ్చాయి. వాటిలో సాహిత్యం ఉంది, చరిత్ర ఉంది, పాడినవాళ్ల త్యాగం ఉంది. పాటను గుంపుకు పంచిన పనితనం గురించి ఒకటి రెండు వాక్యాలు దొరకడమే కష్టం. ఆదిలాబాద్‌లో కూర్చుని సామల సదాశివ హిందుస్తానీ గాయకుల గురించి తెలుగులో ఎంత ప్రేమగా రాశారో పాఠకులకు తెలుసు. ఆయన 'స్వరలయలు'కు 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఒక్కొక్క గొంతు నడకను అంత దగ్గరగా విన్న చెవి ఉన్న నేల మీద, వంద గొంతుల కూర్పును వినిపించే పుస్తకాలు ఇంత అరుదుగా ఉండడం నాకు పెద్ద లోటుగా తోస్తుంది.

బాణీ కట్టడం ఎంత రచనో, ఆ బాణీని పది గొంతులకు పంచడం కూడా అంతే రచన. ఈ మాట గట్టిగా చెప్పడానికే ఈ వ్యాసం. పాత ఉమ్మడి జిల్లాలు రెండూ 2016 అక్టోబరులో ముక్కలై ఎన్నో కొత్త జిల్లాలయ్యాయి. పాటకు ఆ సరిహద్దులు ఇంకా తెలియవు గనుక పాత పేర్లతోనే మాట్లాడతాను.

బతుకమ్మతో మొదలుపెట్టాలి. వలయంలో యాభై మంది ఆడవాళ్లుంటే పాట మొత్తం వచ్చింది ఏ ఒకరిద్దరికో. మిగిలినవాళ్లకు వచ్చేది పాదం చివర పలికే ఒక్క మాట: ఉయ్యాలో, వలలో, కోల్, చందమామ, ఇలాంటిది ఏదో ఒకటి. కూర్పంతా ఆ మాట మీదే నిలబడి ఉంటుంది. ముందు పాడే ఆమె ఒక పాదం చెప్పి ఆ మాట మీద దిగుతుంది. గుంపు అదే పాదాన్ని అందుకుని మళ్లీ ఆ మాట మీదే దిగుతుంది. గుంపు పాడినంతసేపు ముందు పాడే ఆమెకు ఊపిరి దొరుకుతుంది, తర్వాతి పాదం గుర్తు తెచ్చుకునే వ్యవధి దొరుకుతుంది. ఆమె పాడినంతసేపు గుంపు వింటుంది, నేర్చుకుంటుంది. గంటల తరబడి సాగినా ఎవరి గొంతూ పోకపోవడానికి కారణం ఇదే. వేరే ఊరి నుంచి కొత్తగా వచ్చిన కోడలు ఆ పాటను ఎన్నడూ వినకపోయినా రెండో చుట్టుకల్లా నోరు కలిపేస్తుంది.

బాణీ వెడల్పు కూడా ఆలోచించి పెట్టినట్టే ఉంటుంది. చాలా బతుకమ్మ పాటలు ఐదారు స్వరాల లోపలే తిరుగుతాయి. డెబ్బై ఏళ్ల అవ్వా ఏడేళ్ల మనవరాలూ ఒకే శ్రుతిలో పాడుకోవాలంటే అంతకు మించి పైకి పోకూడదు, కిందికి దిగకూడదు. తంబుర లేదు, హార్మోనియం లేదు. శ్రుతి జారిపోకుండా గుంపును పట్టి నిలిపేది పాదం చివరి ఆ మాటే, ఎందుకంటే అందరూ ప్రతిసారీ దిగేది అదే స్వరం మీద. వంగి చప్పట్లు కొట్టి, లేచి, ఒక అడుగు పక్కకు వేసే నడక తాళాన్ని చూసుకుంటుంది. పది పాటల తర్వాత వేగం దానంతట అదే పెరుగుతుంది. అప్పుడు ముందు పాడే ఆమె పొడుగు పాదాల కథాగీతాన్ని ఆపి పొట్టి పాదాల పాట ఎత్తుకుంటుంది. ఏ పాట తర్వాత ఏ పాట రావాలో, గుంపు అలసటను బట్టి ఎప్పుడు మార్చాలో ఆమెకు తెలుసు. సంగీత దర్శకత్వం అంటే ఇదే అని నేననుకుంటాను. నాట్ల పాటలు, బొడ్డెమ్మ పాటలు, హోళీ ముందు కోలలతో పాడే జాజిరి కూడా ఈ ఎత్తుకునే, అందుకునే పద్ధతి మీదే నడుస్తాయి.

ఆదిలాబాద్ గూడేల్లో లెక్క మరోలా ఉంటుంది. దీపావళి రోజుల్లో రాజ్‌గోండుల దండారి జట్లు ఒక గూడెం నుంచి ఇంకో గూడేనికి బయలుదేరతాయి. నెమలి ఈకల కిరీటం, ఒంటి నిండా బూడిద, చేతిలో కర్రతో ఉన్న గుస్సాడీని బొమ్మల్లో చూసి చూసి, అతని చుట్టూ వినిపించేదాన్ని మనం మరిచిపోయాం. డప్పులు, డోళ్లు, తుడుము, సన్నాయిని పోలిన పెప్రే, ఊదే కాలికోం. గుస్సాడీల నడుముకూ కాళ్లకూ కట్టిన గంటలూ గజ్జెలూ ఆ మేళంలో భాగమే, అవి ఆటకు అలంకారంగా తగిలించినవి కావు. అడుగు పడినప్పుడల్లా లోహపు పొర ఒకటి డప్పు చర్మపు మోత మీద వచ్చి పడుతుంది. వాటి మధ్య నుంచి పెప్రే పాటను మోసుకుపోతుంది. ఆడవేషం కట్టిన యువకులు వేరే అడుగు వేస్తారు. వచ్చిన జట్టూ ఆతిథ్యమిచ్చే ఊరి జట్టూ ఎదురుపడినప్పుడు రెండు మేళాలు ఒకే ఆవరణలో కలుస్తాయి. ముందు ఎవరు వాయించాలి, ఎవరు ఎవరికి దారి ఇవ్వాలి అన్నది సంగీతం ఎంతో చుట్టరికపు మర్యాద కూడా అంతే. పండుగ చివర కోలబోడి క్రతువుతో వాద్యాలను పూజించి పక్కన పెట్టేదాకా ఈ క్రమం నడుస్తుంది.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక, గోండుల పరిస్థితిని చదవడానికి నిజాం ప్రభుత్వం పిలిపించిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ మార్లవాయి గూడెంలో మకాం పెట్టాడు. రాజ్‌గోండుల మీద ఆయన పుస్తకం 1948లో వెలువడింది. గోండుల పురాగాథలను తరాల పాటు కాపాడిన ప్రధానుల గురించి అందులో ఎంతో సమాచారం ఉంది. కమానుతో మోగించే కిక్రి, పెప్రే, డోలు ప్రధానుల వాద్యాలు. ఒకరు గాథను ఎత్తుకుంటే తోడున్నవాళ్లు పాదం చివరను అందుకుంటారు. కిక్రి గొంతుకు నీడలా వెంట నడుస్తుంది. ఒక్కో వంశానికి ఒక్కో గాథ, దాన్ని పాడే హక్కు ఒక్కో ప్రధాన్ కుటుంబానిది. కేస్లాపూర్ నాగోబా సన్నిధిలో ఏ గాథ ఎవరు పాడాలో గొంతు బాగుందా లేదా అన్నదాన్ని బట్టి తేలదు, వంశాల మధ్య కుదిరిన ఒప్పందాన్ని బట్టి తేలుతుంది. బృందగానపు కూర్పులో సమాజం వేసే ముద్ర ఇంత లోతుగా మరెక్కడా కనిపించదు.

అదే మార్లవాయి నుంచి వచ్చిన కనక రాజు గుస్సాడీకి ప్రతినిధిగా దేశానికి తెలిశాడు. 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో కన్నుమూశాడు. ఆయన తరం మీద పడిన పని తేలికైంది కాదు. రాత్రంతా ఊరు మధ్యలో వలయంగా ఆడేదాన్ని నగరంలో పది నిమిషాల ప్రదర్శనగా మలచాలి. వలయాన్ని విప్పి ప్రేక్షకుల వైపు వరుసగా నిలబెట్టాలి. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ తాళం కలుపుకునే ఆటగాళ్లు ఇప్పుడు భుజం పక్క భుజంగా నిలబడి చెవులతోనే కలుపుకోవాలి. నెమ్మదిగా పెరగాల్సిన వేగం మొదటి నిమిషంలోనే అందుకోవాలి. వేదిక కోసం ఏది వదిలేశారు, ఏది నిలబెట్టారు అన్న ప్రశ్న నృత్యానికే కాదు, సంగీతపు కూర్పుకూ సంబంధించిందే.

కరీంనగర్ వైపు వస్తే ఒగ్గుకథ. వేములవాడ దగ్గరి హన్మాజీపేట మిద్దె రాములు పేరు చెప్పకుండా ఈ సంగతి మాట్లాడలేం. సినారె పుట్టిన ఊరు కూడా అదే. ఒకే ఊరు ఒక మహాకవినీ ఒక మహాకథకుడినీ ఇచ్చింది. బీరప్ప, మల్లన్న, ఎల్లమ్మ కథలు చెప్పే ఒగ్గు జట్టులో ఉండేది కొద్దిమందే: ప్రధాన కథకుడు, పక్కన వంత, డోలు, తాళం, నపీర. ఇంత చిన్న జట్టుతో రాత్రంతా ఊరిని కూర్చోబెట్టాలి. అందుకే ఇక్కడ గొంతు ఒక స్థాయిలో ఉండదు. కథకుడు మామూలు మాటతో మొదలుపెడతాడు, మాట సాగి రాగమవుతుంది, రాగం చివర వంత అందుకుని దాన్ని ఇంకాస్త సాగదీస్తాడు, అక్కడ డోలు దరువు తీసుకుంటుంది. దరువు పూర్తయ్యేలోగా కథకుడు పాత్ర మారిపోతాడు. తల్లి, కొడుకు, రాజు, గొర్రెల కాపరి, అన్నీ ఆయనే. వంత ఒక్కోసారి ఊరి జనం, ఒక్కోసారి ఎదుటి పాత్ర, ఒక్కోసారి కథ వినే మనిషి. ఒకే గొంతుకు ఇన్ని పనులు పంచిన తీరును సంగీత పాఠశాలలో పాఠంగా చెప్పాలి. ఇదే డోలు జట్టు కథను పక్కన పెట్టి పదుల సంఖ్యలో ఆడుతూ వాయించే ఒగ్గు డోలు విన్యాసంగా ఇప్పుడు జాతరల్లో, ప్రభుత్వ వేడుకల్లో ఎక్కువ కనిపిస్తోంది. దాని ఊపు నాకు ఇష్టమే. కానీ కథ పోయి దరువు మిగిలిందన్న దిగులు కూడా ఉంది.

చిరుతల రామాయణం ఈ జిల్లా పల్లెలకు అసలైన సంగీత బడి. వ్యవసాయ పనులు తగ్గిన నెలల్లో గురువు ఒకరు ఊళ్లోకి వస్తాడు. రాత్రి భోజనాల తర్వాత సాధన. నెలల తరబడి సాగుతుంది. రైతులు, చేతిపనుల వాళ్లు, కూలీలు, బడి పిల్లలు. కొందరికి చదువే రాదు. వారికి రాముడి పాటా రావణుడి పాటా నోటితో చెప్పి నేర్పాలి, అడుగు నేర్పాలి, చేతిలో చిరుతలు తాళం తప్పకుండా మోగించడం నేర్పాలి. పాత్రధారి పాడితే చుట్టూ తిరిగే వలయం పాదాన్ని అందుకుంటుంది. హార్మోనియం ఒక పక్క శ్రుతి పట్టి ఉంటుంది. ఇక్కడ గురువు చేసే ఎంపికల్లోనే కూర్పు ఉంది. గొంతు బాగున్న కుర్రాణ్ణి రాముణ్ణి చేస్తాడు. శ్రుతి నిలవని వాణ్ణి వలయంలో గట్టి గొంతు పక్కన నిలబెడతాడు. తాళం తప్పేవాణ్ణి మంచి అడుగున్నవాడి వెనక నడిపిస్తాడు. పాశ్చాత్య బృందగాన గురువులు గొంతులను బట్టి వరుసలు కూర్చే పద్ధతి గురించి పుస్తకాలు రాశారు. మన పల్లె గురువు అదే పని ఊళ్లోవాళ్ల స్వభావాలు, పగలు, బంధుత్వాలు కూడా కలుపుకుని చేశాడు. పట్టాభిషేకం నాటి రాత్రి ఊరంతా వచ్చి చూసేది ఆ నెలల కూర్పునే.

వేములవాడ రాజన్న గుడిలో ఏటా జరిగే త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో పంచరత్న కీర్తనల గోష్ఠిగానం మరో తీరు. వేర్వేరు గురువుల దగ్గర నేర్చుకున్నవాళ్లు కలిసి కూర్చుంటారు. ఒకరి సంగతులు ఇంకొకరికి ఉండవు, గమకం బరువు ఒకరిలా ఇంకొకరికి పడదు. ముందే ఒక పాఠం మీద ఒప్పుకుని, విడి సొగసులు కొన్ని వదులుకుంటే తప్ప గోష్ఠి కుదరదు. ధర్మపురి భజన మండళ్లలో ఈ చిక్కు లేదు. అక్కడ పాట మొదటి నుంచీ గుంపు కోసమే పుట్టింది.

ఒకే సమయంలో వేర్వేరు స్వరాలు పాడే పద్ధతి ఈ నేలకు చర్చితో వచ్చింది. 19వ శతాబ్దం చివరి దశకాల్లో వెస్లియన్ మెథడిస్టు మిషనరీలు సికింద్రాబాద్ నుంచి ఉత్తరానికి కదిలి కరీంనగర్ చేరారు. ఇంగ్లండులో అప్పటికే జాన్ కర్వెన్ ప్రచారంలోకి తెచ్చిన అక్షర స్వరలిపితో, ఐదు గీతల లిపి రాని కార్మికులు కూడా నాలుగు గొంతుల పాట పాడుతున్నారు. ఆ అలవాటుతో వచ్చినవాళ్లకు తెలుగు నాట ఎదురైంది వేరే సంపద. పురుషోత్తమ చౌధరి లాంటి కవులు రాసిన క్రైస్తవ కీర్తనలు రాగతాళాలతో, పల్లవి చరణాలతో ఉన్నాయి. వాటిని పాడేది ఏకగళంగా, తబలా తాళాలతో. ఆంగ్ల కీర్తనల తెలుగు అనువాదాలేమో వాటి సొంత బాణీలతో, హార్మోనియం మీద. ఒకే ఆరాధనలో రెండు సంగీతాలు పక్కపక్కన కూర్చున్నాయి, నేటికీ కూర్చునే ఉన్నాయి. 1912లో దోర్నకల్ బిషప్‌ అయిన వి.ఎస్. అజరయ్య మన బాణీలకూ భజనలకూ ఆరాధనలో పెద్ద పీట వేశాడు. 1978లో కరీంనగర్‌కు దక్షిణ ఇండియా సంఘపు సొంత అధ్యక్ష మండలం వచ్చింది. ఆదిలాబాద్ వైపు కేరళ నుంచి వచ్చిన కాథలిక్ గురువుల కృషితో 1999లో మంచిర్యాల కేంద్రంగా సీరో మలబార్ మేత్రాసనం ఏర్పడింది.

అన్య బాణీకి తెలుగు మాటలు పొదిగేవాళ్ల చిక్కు ఇక్కడ చెప్పుకోవాలి. తెలుగులో హ్రస్వం, దీర్ఘం మారితే మాటే మారిపోతుంది. హ్రస్వాక్షరం మీద పొడుగు స్వరం పడితే 'తల' కాస్తా 'తాల' అవుతుంది. ఒక్కరు పాడితే వినేవాళ్లు సర్దుకుంటారు. ముప్పై మంది కలిసి సాగదీస్తే ఆ తప్పు ముప్పై రెట్లు వినిపిస్తుంది. ఇంకో పక్క తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగియడం బృందానికి వరం. చివరి హల్లును అందరూ ఒకే క్షణంలో తుంచాలన్న ఆంగ్ల బృందాల బాధ మనకు తక్కువ.

రాగానికి నాలుగు గొంతుల కూర్పు ఎందుకు అంత తేలికగా అతకదో కూడా చూడాలి. మోహనలో స, రి, గ, ప, ధ మాత్రమే ఉన్నాయి. బాణీకి పైన మూడో స్వరాన్ని జోడించుకుంటూ పోయే పాశ్చాత్య పద్ధతిని దాని మీద మక్కీకి మక్కీ దింపితే రిషభం మీద మధ్యమం, పంచమం మీద నిషాదం వచ్చి పడతాయి. మోహన మాయమవుతుంది. గమకం సంగతి సరేసరి: ముప్పై గొంతులు ముప్పై తీర్లుగా ఊగితే స్వరం మసకబారుతుంది. కాబట్టి మన రాగాలకు బృందగానం కూర్చేవాళ్లు వేరే ఉపాయాలు వెతికారు. ఒక గుంపు షడ్జమం మీద నిలబడుతుంది. ఇంకో గుంపు అదే పాదాన్ని రెండు మాత్రలు ఆలస్యంగా ఎత్తుకుంటుంది. ఒకరు చరణం పాడుతుంటే కింద పల్లవి మెల్లగా తిరుగుతుంటుంది. 1958లో సలిల్ చౌధురి బొంబాయి యువ బృందంతో, 1971లో ఎం.బి. శ్రీనివాసన్ మద్రాసు యువ బృందంతో చేసిన ప్రయోగాల్లో ఇలాంటి వెతుకులాటే ఉంది. 1980ల్లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి నడిపిన సామూహిక గాన శిక్షణలతో అనేక భాషల పాటలు బడులకు చేరాయి. ఆ కాలంలో ప్రభుత్వ బడిలో చదివినవాళ్లకు తమకు తెలియని భాషలో ఒక పాటైనా నోటికి వచ్చి ఉంటుంది. హైదరాబాద్ ఆకాశవాణి 'ఈ పాట నేర్చుకుందాం' పాదం పాదం విడదీసి చెప్పి, వినేవాళ్లను పాడేవాళ్లను చేసింది. 1986లో ఆదిలాబాద్‌కు సొంత రేడియో కేంద్రం వచ్చింది. గోండి పాట రేడియోలో వినపడడం ఆ జిల్లాకు చిన్న సంగతి కాదు.

ఇదంతా ఒక పాయ. రెండో పాయ ఉద్యమాల పాట, దాని గురించి కాస్త ఎక్కువసేపు నిలబడాలి.

1972లో బి. నర్సింగరావు ప్రోత్సాహంతో మొదలై గద్దర్ గొంతుతో పెరిగిన జననాట్యమండలి, 1974లో పుట్టిన అరుణోదయ, ఈ రెండూ ఉత్తర తెలంగాణ పల్లె పాట కూర్పును ఎత్తి బహిరంగ సభ మీద పెట్టాయి. 1978 సెప్టెంబరు 7 నాటి జగిత్యాల జైత్రయాత్ర, 1981 ఏప్రిల్ 20 నాటి ఇంద్రవెల్లి కాల్పులు, సింగరేణి గనుల్లో సమ్మెలు, ప్రతి సందర్భానికీ పాటలు పుట్టాయి. బతుకమ్మ వలయంలో యాభై మందికి సరిపోయిన ఏర్పాటు ఇప్పుడు యాభై వేల మందికి సరిపోవాలి. మండలి చేసిన మార్పు ఏమిటంటే మధ్యలో ఒక మెట్టు పెట్టడం. ముందు గద్దర్, పక్కన మైకు దగ్గర డప్పు, ఢోలక్‌లతో కొద్దిమంది కోరస్, ఎదురుగా జనం. గద్దర్ పాదం ఎత్తుకుంటాడు, కోరస్ అందుకుని జనానికి ఆ పాదం ఎలా పాడాలో చూపిస్తుంది, మూడోసారికి జనం అందుకుంటారు. తర్వాత గద్దర్ పాట ఆపి మాట్లాడతాడు. కోరస్ మాత్రం ఆపదు. పల్లవి తగ్గు గొంతుతో తిరుగుతూనే ఉంటుంది, దాని మీద ఆయన మాట, కథ, ప్రశ్న. ఒగ్గుకథలో ఒకే మనిషి మాటలోంచి రాగంలోకి పోయేవాడు. ఇక్కడ మాట ఒకరిది, రాగం గుంపుది, రెండూ ఒకేసారి నడుస్తాయి. సంగీతపరంగా ఇది పెద్ద అడుగు. రాజకీయంగా ఎవరి అభిప్రాయం వారిది కావచ్చు, ఈ కూర్పు గొప్పతనాన్ని మాత్రం ఎవరూ కాదనలేరు.

పాట రాసేవాళ్లు కూడా గుంపు కోసమే రాశారు. ఆదిలాబాద్ జిల్లా దండేపల్లి వైపు లింగాపూర్‌లో పుట్టిన గూడ అంజయ్య 'ఊరు మనదిరా' పాట ఇందుకు మంచి సాక్ష్యం. పల్లవిలో మాటలు వేళ్ల మీద లెక్కపెట్టుకోగలిగినన్నే. అన్నీ ఇంట్లో, వీధిలో రోజూ పలికేవే. రెండు సగాలు సరిసమానం గనుక ఒక సగం ఒకరు, రెండో సగం గుంపు పాడుకోవచ్చు. కవి కలం పట్టేనాటికే గుంపు ఆయన చెవిలో ఉంది. 2016లో అంజయ్య మనల్ని వదిలి వెళ్లాక వచ్చిన నివాళుల్లో ఆయన ఆవేశం గురించి చదివాం, ఈ నేర్పు గురించి కూడా చదివి ఉండాల్సింది.

2001 మే 17న కరీంనగర్‌లో ప్రత్యేక తెలంగాణ కోసం సింహగర్జన సభ జరిగింది. మరుసటి ఏడు, 2002లో, పొరుగున కామారెడ్డిలో తొలి ధూంధాం మొదలై పదేళ్ల పాటు తెలంగాణ అంతటా ఊరూరా తిరిగింది. అమెరికా బడుల్లో 1960ల నుంచి పెరిగిన ఒక సంప్రదాయం ఉంది. పాడేవాళ్లే ఆడతారు, దుస్తులూ అడుగులూ పాటతో పాటే కూర్చుతారు, ఒక పాటలోంచి ఇంకో పాటలోకి ఆగకుండా వెళ్తారు. అక్కడ అది నిలబడి పాడే బృందాల నుంచి విడివడి పుట్టిన కొత్త రూపం. మన దగ్గర పాడడమూ ఆడడమూ ఎప్పుడూ విడిపోలేదు గనుక ధూంధాంకు ఆ ప్రయాణం అక్కర్లేకపోయింది. కొత్తగా చేసింది అతికించడం: ఒగ్గు డోలు దరువు మీద బతుకమ్మ బాణీ, దాని వెనక డప్పు నృత్యం, మధ్యలో మాటల కచేరీ, కీబోర్డు పట్టిన శ్రుతి. రసమయి బాలకిషన్ లాంటి నిర్వాహకులకు పెద్ద పని ఏ పాట తర్వాత ఏ పాట పెడితే జనం లేచి నిలబడతారో, ఎప్పుడు కూర్చోబెట్టి ఏడిపించాలో తెలుసుకోవడం. 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు సాగినప్పుడు బొగ్గు బెల్టులో, రోడ్ల మీది వంటావార్పుల్లో ఈ పాటలను కళాకారులు లేకుండానే జనం పాడుకున్నారు. కూర్పు ఎంత గట్టిదో చెప్పడానికి అంతకన్నా పరీక్ష లేదు.

రాష్ట్రం వచ్చాక తెలంగాణ సాంస్కృతిక సారథి ఏర్పడింది. కరీంనగర్ జిల్లా మానకొండూరు నుంచి శాసనసభకు ఎన్నికైన రసమయే దానికి తొలి సారథి. వందల మంది కళాకారులకు నెల జీతం దొరికింది. పస్తులున్న గొంతులకు అన్నం పెట్టిన ఆ పనిని తక్కువ చేయలేను. అయితే పథకాల ప్రచారానికి పాటలు వేగంగా కావలసి వచ్చినప్పుడు, తెలిసిన బాణీలో మాటలు మార్చడం, ఒకే దరువు, ఒకే కోరస్ తీరు తిరిగి తిరిగి వాడడం అలవాటైపోయిందని నా నమ్మకం.

2024లో అందెశ్రీ రాసిన 'జయ జయహే తెలంగాణ' రాష్ట్ర గీతమైంది. ఉద్యమ కాలంలో బడుల్లో, సభల్లో అందరి నోటా ఉన్న పాటకు ఎం.ఎం. కీరవాణి సంగీతం కూర్చారు. వేడుకల కోసం రెండున్నర నిమిషాల రూపం, దానికి తోడు పదమూడున్నర నిమిషాల పూర్తి రూపం తయారయ్యాయి. కూర్పును ఇక్కడి సంగీతకారులకే అప్పగించాల్సిందన్న చర్చ గట్టిగా సాగింది. ఆ చర్చలో నాకు వినిపించని ప్రశ్న ఒకటుంది. స్టూడియోలో వాద్య సమ్మేళనంతో వచ్చిన రూపం సరే, ఆసిఫాబాద్ అడవిలో ఒక ఆశ్రమ పాఠశాలలో అరవై మంది పిల్లలు వాద్యం లేకుండా ప్రార్థనలో పాడాల్సిన రూపం ఏది? ఏ శ్రుతిలో ఎత్తుకోవాలి? ఏ పాదం ఒకరు, ఏ పాదం అందరూ? 2025 నవంబరులో అందెశ్రీ వెళ్లిపోయారు. ఈ ప్రశ్నలకు జవాబును ప్రతి బడి పంతులమ్మా తనకు తానే కనిపెట్టుకుంటోంది.

ఇవాళ కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి యూట్యూబ్‌లో వస్తున్న జానపద పాటలకు లెక్కలేదు. ఎంతో మంది యువ గాయకులకు పేరూ బతుకూ వచ్చాయి. కోరస్ మాత్రం మారిపోయింది. ఇద్దరు ముగ్గురి గొంతులను మళ్లీ మళ్లీ రికార్డు చేసి ఒకదాని మీద ఒకటి పేర్చి గుంపుగా వినిపిస్తారు. అక్కడ ఎవరూ ఎవరికోసమూ ఆగనక్కర్లేదు. ముందు పాడేవాళ్ల చివరి స్వరం పూర్తికాకముందే కోరస్ మీద పడుతుంది. వినడానికి బాగానే ఉంటుంది, కలిసి పాడబోతే ఊపిరి చాలదు. సిరిసిల్ల వాడైన వేణు ఎల్దండి 2023లో తీసిన 'బలగం' చివర బుడగజంగాల దంపతులు కొమురమ్మ, మొగిలయ్య పాడిన పాట ఎందుకంత పట్టుకుందో ఆలోచిస్తే నాకు తట్టేది ఇదే. ఇద్దరే మనుషులు, ఒకరు వదిలిన చోట ఒకరు అందుకోవడం, మధ్యలో నిజమైన ఎడం. ఊళ్లలో తెరలు కట్టి కలిసి చూసిన జనం ఆ ఎడంలో ఏడ్చారు.

మొగిలయ్య 2024 డిసెంబరులో పోయాడు. మిద్దె రాములు 2010లోనే పోయాడు. చిరుతల గురువులు చాలా ఊళ్లకు రావడం మానేశారు. ఇంకా ఉన్నవాళ్ల దగ్గర కూర్చుని రాసుకోవాల్సిన సమయం ఇది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గూడెంలో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు వచ్చింది గనుక గోండి పాటల మాటలను ఆ అక్షరాల్లోనే రాయవచ్చు. మాటలొక్కటే రాసుకుంటే మళ్లీ పాత కథే అవుతుంది. రికార్డు చేసేటప్పుడు ముందు పాడేవాళ్లకూ, వంతకూ, డోలుకూ వేర్వేరు మైకులు పెట్టాలి. తర్వాత అందరినీ కలిపి మరోసారి తీసుకోవాలి. కాగితం మీద పాదానికి ఎదురుగా నాలుగు గడులు గీయాలి: ఎవరు ఎత్తుకున్నారు, ఎంతమంది అందుకున్నారు, ఏ స్వరం మీద దిగారు, అడుగు ఎటు పడింది. డోలు దరువును నోటితో చెప్పించుకుని ఆ మాటల్లోనే రాయాలి. పాట కింద ఊరి పేరు, నెల పేరు రాసి, ముందు పాడిన ఆమె పేరుతో పాటు వంత పాడినవాళ్లందరి పేర్లూ, వాళ్లు ఒప్పుకుంటే, వరుసగా రాయాలి.